1923 నేపాల్ ఒప్పందం, 5వ అధికరణం: ఆయుధాలు తెచ్చుకునే హక్కు ఇచ్చినట్టా, తాళంచెవి తమ దగ్గరే ఉంచుకున్నట్టా?

రక్సౌల్‌రైలు

1923 డిసెంబరు 21న బ్రిటన్, నేపాల్ దేశాల మధ్య కుదిరిన ఒప్పందంలోని 5వ అధికరణం గురించి మా అధ్యయన బృందంలో కొంతకాలంగా తెగని వాదన నడుస్తోంది. నేపాల్ ప్రభుత్వం తన బలానికీ క్షేమానికీ కావలసిన ఆయుధాలను, మందుగుండును, యంత్రాలను, యుద్ధ సామగ్రిని బ్రిటిష్ ఇండియా నుంచి గానీ, దాని మీదుగా గానీ స్వేచ్ఛగా దిగుమతి చేసుకోవచ్చునని ఆ అధికరణం మొదట చెబుతుంది. ఆ వెంటనే, నేపాల్ ఉద్దేశాలు స్నేహపూర్వకమైనవేనని, ఆ దిగుమతుల వల్ల ఇండియాకు తక్షణ ప్రమాదమేమీ లేదని బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకం ఉన్నంతకాలమే ఈ ఏర్పాటు చెల్లుతుందని కూడా చెబుతుంది.

ఒకరి అంతర్గత, బాహ్య స్వాతంత్ర్యాన్ని మరొకరు గౌరవిస్తామని 1వ అధికరణంలోనే రాసుకున్న తర్వాత ఆయుధాల మీద బ్రిటిష్ నియంత్రణ ముగిసినట్టేనని నా మిత్రుడి వాదన. నియంత్రణ ముగియలేదని, అంతవరకు అధికారుల దస్త్రాల్లో ఉన్నది ఒప్పందంలోకి ఎక్కిందని నా అభిప్రాయం. మన పాఠ్యపుస్తకాలు ఈస్టిండియా కంపెనీతో యుద్ధాన్ని ముగించిన 1816 సుగౌలీ సంధి దగ్గర నేపాల్‌ను వదిలేసి మళ్లీ 1950లో పలకరిస్తాయి కాబట్టి ఈ మధ్యకాలంలో ఏం జరిగిందో మాకెవరికీ సరిగా తెలియదు. 1923కు ముందు కాఠ్మాండూకు ఒక తుపాకుల పెట్టె చేరాలంటే ఏమేం జరగాల్సి ఉండేదో తెలిసినవారు చెప్పగలరా?

పాతదస్త్రం

1923 దగ్గర మొదలుపెడితే ఇది అర్థం కాదు. ముందుగా పటం చూడాలి. నేపాల్‌కు ఉత్తరాన హిమాలయాలు, వాటి ఆవల టిబెట్ ఉన్నాయి. మిగిలిన వైపులన్నీ బ్రిటిష్ ఇండియా గానీ, దాని రక్షణలో ఉన్న సిక్కిం గానీ. యూరప్‌లో కొన్న తుపాకీ కలకత్తా రేవులో దిగి, బీహారు మీదుగా సరిహద్దుకు చేరి, తరాయి అడవి దాటి, భీంఫేదీ నుంచి కూలీల వీపుల మీద కనుమలెక్కి కాఠ్మాండూ లోయలోకి దిగాలి. ఇందులో చివరి అంచె ఒక్కటే నేపాల్ చేతిలో ఉంది.

ఇప్పుడు చట్టం సంగతికి వద్దాం. లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు వచ్చిన 1878 ఆయుధ చట్టాన్ని మనం ఎప్పుడూ భారతీయుల చేతిలోని ఆయుధాలు లాక్కున్న చట్టంగానే చదువుకుంటాం. అది నిజమే గాని, ఆ చట్టంలోని 6వ సెక్షన్ ఎగుమతి దిగుమతులకు సంబంధించినది. లైసెన్సు లేకుండా సముద్రమార్గాన గానీ భూమార్గాన గానీ ఆయుధాలను, మందుగుండును, సైనిక సామగ్రిని బ్రిటిష్ ఇండియాలోకి తేవడాన్ని, అక్కడి నుంచి బయటికి తీసుకుపోవడాన్ని అది నిషేధించింది. అంటే లండన్‌లో డబ్బు చెల్లించి కొన్న సరుకైనా సరే, కలకత్తాలో దిగిన క్షణం నుంచి భారత ప్రభుత్వ అనుమతి మీద ఆధారపడుతుంది. నేపాల్‌ను అడ్డుకోవడానికి వేరే నిషేధం ప్రకటించాల్సిన అవసరమే లేదు. కాఠ్మాండూలోని బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంటు ద్వారా వచ్చిన అభ్యర్థనకు జవాబు రాయకుండా ఊరుకుంటే చాలు.

దీనికి మరో ఏర్పాటు కూడా తోడైంది. సుగౌలీ సంధి 7వ అధికరణం ప్రకారం బ్రిటిష్ ప్రభుత్వ సమ్మతి లేకుండా నేపాల్ రాజు ఏ బ్రిటిష్ ప్రజనూ, ఏ యూరోపియన్ లేదా అమెరికన్ దేశస్థుడినీ కొలువులో పెట్టుకోకూడదు. ఆ కాలంలో ఫిరంగులు పోతపోయడానికీ, పటాలాలకు కవాతు నేర్పడానికీ దేశీయ రాజులు ఫ్రెంచివారిని, ఇటాలియన్లను పిలిపించుకునేవారు. ఆ దారిని కంపెనీ 1816లోనే మూసివేసింది. సరుకు రాకుండా చట్టం, నిపుణుడు రాకుండా సంధి.

కనుక మీ అభిప్రాయంతోనే ఏకీభవిస్తాను. అయితే 1923 ఒప్పందం వల్ల మారినదేమీ లేదనడం కూడా సరికాదు. దాని గురించి తర్వాత రాస్తాను.

గట్టుమీదిపిల్ల

జవాబు రాయకుండా ఊరుకోవడమే ఆయుధ నియంత్రణ అయితే మా మండల కార్యాలయం ఎప్పుడో అగ్రరాజ్యం కావాలి.

ధర్మసందేహం

పాతదస్త్రం గారు చెప్పిన వివరాలను కాదనను గాని, దీన్ని ఏదో ప్రత్యేకమైన వలస దుర్మార్గంగా చూడడం నాకు అంగీకారం కాదు. తన రేవులో దిగి, తన రైలుమార్గం మీద ప్రయాణించి పొరుగు దేశానికి వెళ్లే ఆయుధాలను ఏ ప్రభుత్వమైనా పరిశీలిస్తుంది. పైగా ఆ పొరుగు దేశం 1814–16 మధ్య కంపెనీతో ఘోరమైన యుద్ధం చేసింది. నాలాపానీ కోట దగ్గర జనరల్ గిలెస్పీ ప్రాణాలే పోయాయి. అలాంటి పొరుగువాడికి ఆధునిక తుపాకులు అడ్డు లేకుండా వెళ్లనిస్తారని ఎలా అనుకుంటాం?

రెండో సంగతి. 5వ అధికరణంలో నేపాల్ కూడా ఒక మాట ఇచ్చింది. ఆ ఆయుధాలను నేపాల్ ప్రభుత్వం గానీ, ప్రైవేటు వ్యక్తులు గానీ సరిహద్దు దాటించి ఎగుమతి చేయకూడదు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదే కదా?

మాజీసుబేదారు

ఇచ్చిపుచ్చుకోవడం అనే మాట వచ్చింది కాబట్టి, అసలు ఏమిచ్చి ఏం పుచ్చుకున్నారో చెప్పడం అవసరం. నా ఉద్యోగకాలంలో గోర్ఖా పటాలం పక్కనే మా యూనిట్ కొన్నేళ్లు ఉంది. ఆ పటాలంలోని పెద్దవాళ్లు తమ తాతముత్తాతల భర్తీ కథలు చెప్పుకునేవారు. వాటిలో ఒక సంగతి నాకు అప్పట్లో వింతగా తోచేది. ఒకప్పుడు నేపాల్ యువకులు బ్రిటిష్ సైన్యంలో చేరడానికి దొంగచాటుగా సరిహద్దు దాటి వచ్చేవారట. తర్వాత చరిత్ర చదివితే అది నిజమేనని తెలిసింది.

నేపాల్‌ను ఏలిన రాణా ప్రధానమంత్రుల్లో మొదటివాడైన జంగ్ బహదూర్ రాణా 1857–58లో స్వయంగా సైన్యంతో లక్నో దాకా వచ్చి బ్రిటిషువారికి తోడ్పడ్డాడు. అందుకు ప్రతిఫలంగా 1860లో పశ్చిమ తరాయి భూములు నేపాల్‌కు తిరిగి దక్కాయి. అంతటి మిత్రుడు కూడా తన దేశపు పడుచువాళ్లు బ్రిటిష్ పటాలాల్లో చేరడాన్ని ఇష్టపడలేదు. ఆయన తర్వాత వచ్చిన తమ్ముడు రణోద్దీప్ సింగ్ కాలంలోనూ పరిస్థితి పెద్దగా మారలేదు. 1885 నవంబరులో రణోద్దీప్‌ను హత్య చేయించి వీర్ షంషేర్ అధికారంలోకి రావడంతో అది మారింది. హత్య మీద నిలబడిన ఆ ప్రభుత్వానికి బ్రిటిష్ గుర్తింపు కావాలి, ఆయుధాలు కూడా కావాలి. వాయవ్య సరిహద్దులో రష్యా భయంతో గోర్ఖా పటాలాలకు రెండో బెటాలియన్లు కడుతున్న వైస్రాయి డఫ్రిన్‌కు మనుషులు కావాలి. 1886లో గోరఖ్‌పూర్‌లో భర్తీ కేంద్రం వెలిసింది. ఇక్కడి నుంచి మనుషుల భర్తీకీ తుపాకుల అనుమతికీ ముడిపడింది.

అందుచేత ధర్మసందేహం గారూ, ఇది కేవలం రేవులో జరిగే తనిఖీ కాదు. ఆయుధాల అనుమతిని భర్తీకి బేరంగా వాడుకున్నారు.

ధర్మసందేహం

బేరంలో రెండు పక్షాలకూ లాభం ఉన్నప్పుడు ఒక్క పక్షాన్నే తప్పుపట్టడం ఎందుకని నా ప్రశ్న. వీర్ షంషేర్ బలవంతం మీద ఒప్పుకున్నాడని ఎక్కడా లేదు.

గట్టుమీదిపిల్ల

భర్తీ అయిన కుర్రవాడు ఆ బేరంలో ఏ పక్షమో కూడా చెప్పండి.

ముక్తినాథయాత్రికురాలు

నేను చరిత్ర విద్యార్థిని కాను. ముక్తినాథ్ యాత్రకు వెళ్లినప్పుడు కాఠ్మాండూలో మా విమానం ఆలస్యం కావడంతో ఛావునీలోని జాతీయ మ్యూజియం చూశాము. అది ఒకప్పుడు భీమ్‌సేన్ థాపా కట్టించిన భవనమని, తర్వాత చాలాకాలం ఆయుధాగారంగా ఉండేదని అక్కడి ఉద్యోగి చెప్పాడు. లోపల అన్నిటికంటే మమ్మల్ని ఆశ్చర్యపరచినవి తోలు ఫిరంగులు. 1792 నాటి యుద్ధంలో టిబెట్ వైపు నుంచి పట్టుకొచ్చినవని రాసి ఉంది. తోలుతో చేసిన ఫిరంగి పేలుతుందా అని మా బృందంలో పెద్ద చర్చే జరిగింది. మావారు మాత్రం, పేలకపోతే చెప్పులు కుట్టించుకోవచ్చు కాబట్టి నష్టం లేదని తేల్చేశారు.

నా ప్రశ్న ఏమిటంటే, బయటి నుంచి తుపాకులు రానివ్వకపోతే నేపాల్‌వారు స్వయంగా తయారు చేసుకోలేదా?

పాతదస్త్రం

చేసుకున్నారు, ముక్తినాథయాత్రికురాలు గారూ. ఈ చర్చలో ఇది చాలా ముఖ్యమైన భాగం.

వీర్ షంషేర్ కొడుకు గెహేంద్ర షంషేర్‌కు యంత్రాల మీద ఆసక్తి ఎక్కువ. 1890లలో ఆయన చేయించినవాటిలో రెండింటిని చెప్పుకోవాలి. మొదటిది గెహేంద్ర తుపాకీ. చూడడానికి బ్రిటిష్ సైన్యపు మార్టినీ–హెన్రీలా ఉంటుంది గాని లోపలి యంత్రాంగం వేరు. రెండోది తండ్రి పేరు మీద చేసిన ‘వీర్ గన్’. రెండు గొట్టాలు, పైన పళ్లెంలాంటి తూటాల డబ్బా, పక్కన చేత్తో తిప్పే పిడి. బ్రిటిషువారి గార్డ్‌నర్ గన్‌ను నమూనాగా తీసుకుని కట్టారు. ఆధునిక యంత్రాలున్న కర్మాగారం లేకుండా, చేతిపనితో ఒక్కొక్క భాగాన్నీ సానపట్టి చేసిన మెషిన్ గన్ అది. ఒకదాని మర మరొకదానికి పట్టదు. పనితనం చూస్తే ముచ్చటేస్తుంది గాని, సైన్యాన్ని అలా సాయుధం చేయడం సాధ్యం కాదు. గార్డ్‌నర్ తర్వాత మాక్సిమ్ గన్ వచ్చేసి, వీర్ గన్ పుట్టేసరికే పాతబడిపోయింది.

నియంత్రణ ఎలా పనిచేసిందో ఇక్కడ చూడవచ్చు. నేపాల్ నిరాయుధం కాలేదు. ఎప్పుడూ ఒక తరం వెనకబడి ఉండేలా మాత్రం జరిగింది.

2003 ప్రాంతంలో కాఠ్మాండూలోని లగన్ సిల్‌ఖానా అనే పాత భవనంలో దశాబ్దాలుగా మూలుగుతున్న ఈ తుపాకులను, ఫిరంగులను, వీర్ గన్నులను అమెరికాకు చెందిన పాత ఆయుధాల వ్యాపారులు గుత్తగా కొనుక్కుపోయారు. ఇప్పుడు వాటిని సేకరణ ప్రియులు ఇళ్లల్లో అలంకరించుకుంటున్నారు.

తోప్‌కాసాంచా

నా మారుపేరు చూసినవారికి నేనెందుకు వచ్చానో అర్థమై ఉంటుంది. హైదరాబాదు ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ (తోప్ కా సాంచా) అని మనం రోజూ పలికే చోటు 1786లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఏర్పాటు చేసిన ఫిరంగుల పోతశాల. సుగౌలీ 7వ అధికరణం చదవగానే నాకు 1798 గుర్తుకొచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 1న నిజాంతో కంపెనీ కుదుర్చుకున్న సైన్య సహకార సంధి ప్రకారం ఫ్రెంచి అధికారుల కింద ఉన్న పటాలాన్ని రద్దు చేయాల్సి వచ్చింది. రేమండ్ ఆ మార్చిలోనే చనిపోయాడు. అక్టోబరులో కర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉండగా కంపెనీ సేనలు ఆ పటాలాన్ని చుట్టుముట్టి ఆయుధాలు కింద పెట్టించాయి. పోతపోసేవాడు పోయాక పోతశాల ఏం చేస్తుంది? నేపాల్‌కు 1816లో పెట్టిన షరతుకు హైదరాబాదులో అప్పటికే సాధన చేశారన్నమాట.

ఇక 1948లో సిడ్నీ కాటన్ విమానాల్లో కరాచీ నుంచి నిజాంకు ఆయుధాలు చేరవేసిన కథ కూడా ఉంది. మూడు వైపులా కాదు, నాలుగు వైపులా చుట్టుముట్టిన రాజ్యానికి ఆకాశం ఒక్కటే దారి.

రక్సౌల్‌రైలు

1798 పోలిక చాలా ఉపయోగపడింది. 1948 సంగతి వలసకాలం దాటినది, పైగా హైదరాబాదు విషయం మొదలైతే ఈ చర్చ ఇక నేపాల్‌కు తిరిగి రాదు. దయచేసి దానికి వేరే చర్చ తెరవండి, నేనే మొదటి జవాబు రాస్తాను.

తోప్‌కాసాంచా

అంగీకరించాను. తుపాకీ దించాను.

కాబూలీచనా

అందరూ నేపాల్ ఒప్పందాన్ని విడిగా చదువుతున్నారు. దాన్ని కాబూల్ ఒప్పందం పక్కన పెట్టి చదివితే మూలప్రశ్నకు సూటిగా సమాధానం దొరుకుతుంది.

అఫ్గానిస్థాన్ విషయంలో ఆయుధాల దారి ఎన్నిసార్లు మూసి తెరిచారో చూడండి. అమీర్ అబ్దుర్ రహ్మాన్‌తో 1893లో డ్యూరాండ్ సరిహద్దు ఒడంబడిక జరిగినప్పుడు ఏటా ఇచ్చే ధనసహాయాన్ని 12 లక్షల రూపాయల నుంచి 18 లక్షలకు పెంచారు. దాంతోపాటు అమీర్ యుద్ధసామగ్రి కొని దిగుమతి చేసుకోవడానికి అభ్యంతరం చెప్పబోమన్నారు. సరిహద్దు గీతకు ఒప్పుకున్నందుకు దక్కిన బహుమతి అది. 1919లో కొత్త అమీర్ అమానుల్లా బ్రిటిషువారితో మూడో అఫ్గాన్ యుద్ధం చేశాడు. ఆగస్టు 8న రావల్పిండిలో కుదిరిన సంధిలో, పూర్వపు అమీర్లు అనుభవించిన ఈ వెసులుబాటును బ్రిటిషువారు ఉపసంహరించుకున్నారు, ధనసహాయం కూడా ఆపేశారు. 1921 నవంబరు 22న కాబూల్‌లో కుదిరిన ఒప్పందపు 6వ అధికరణంలో దాన్ని మళ్లీ ఇచ్చారు. షరతులు ఏమిటనుకున్నారు? అఫ్గాన్ ప్రభుత్వ ఉద్దేశాలు స్నేహపూర్వకమైనవని నమ్మకం ఉన్నంతకాలం, ఆ దిగుమతుల వల్ల ఇండియాకు తక్షణ ప్రమాదం లేనంతకాలం. ఆయుధ వ్యాపారం మీద అంతర్జాతీయ ఒడంబడిక అమలులోకి వస్తే ముందుగా దాని మీద సంతకం చేయాలన్న నిబంధన కూడా అందులో ఉంది.

రెండేళ్ల తర్వాత నేపాల్‌తో రాసుకున్న 5వ అధికరణం దాదాపు ఇదే. యుద్ధం చేసి దిగివచ్చిన అమీర్‌కూ, మొదటి ప్రపంచయుద్ధంలో తన సైనికులను పంపిన నేపాల్ ప్రధానమంత్రి చంద్ర షంషేర్‌కూ ఒకే నమూనా పత్రం నింపి ఇచ్చారు.

ఆ షరతు ఉత్తుత్తిదా, అమలు చేసేదా అన్న అనుమానం ఎవరికైనా ఉంటే 1923నే చూడండి. ఆ ఏడాది ఏప్రిల్‌లో లండీ కోతల్ దగ్గర ఇద్దరు బ్రిటిష్ అధికారులు, కోహాట్‌లో ఒక అధికారి భార్య హత్యకు గురయ్యారు. హంతకులు అఫ్గాన్ భూభాగంలో తలదాచుకున్నారని బ్రిటిషువారు ఆరోపించి, అమానుల్లా యూరప్‌లో కొన్న ఆయుధాలను బొంబాయిలో నిలిపివేశారు. మరుసటి ఏడాది గాని వాటిని వదల్లేదు. నేపాల్ ఒప్పందం మీద సంతకాలు జరిగిన డిసెంబరు 1923లో ఈ వివాదం ఇంకా నలుగుతూనే ఉంది. తను ఒప్పుకుంటున్న వాక్యాలను కాబూల్ విషయంలో ఎలా వాడుతున్నారో చంద్ర షంషేర్ గమనించకపోయి ఉంటాడని నేననుకోను.

మాజీసుబేదారు

ఇంతసేపటి చర్చలో ఇది అసలైన జవాబు. మీ మారుపేరు చూసి ఏదో చిరుతిళ్ల చర్చలోకి వచ్చాననుకున్నాను గాని, శనగలు గట్టిగానే ఉన్నాయి.

ధర్మసందేహం

కాబూలీచనా గారు చూపిన పోలిక బలమైనదని ఒప్పుకుంటాను. కాని అదే పోలిక నా వాదనకు కూడా పనికొస్తుంది. అఫ్గానిస్థాన్ వైపు నుంచి సరిహద్దు తెగలకు తుపాకులు చేరుతున్నాయన్న భయం కల్పితం కాదు. మస్కట్ నుంచి మక్రాన్ తీరం మీదుగా తుపాకుల దొంగరవాణా జరగడం, దాన్ని అడ్డుకోవడానికి నౌకాదళం పర్షియన్ గల్ఫ్‌లో గస్తీ తిరగడం అందరికీ తెలిసినవే. ఆ అనుభవంతో రాసుకున్న వాక్యాలను తర్వాతి ఒప్పందంలోకి తీసుకోవడం గుమస్తాలు మామూలుగా చేసే పనే. దానివెనుక పన్నాగం వెతకనక్కరలేదు.

కాబూలీచనా

పన్నాగమని నేనూ అనలేదు. నమ్మకం ఉందా లేదా అని తేల్చేది ఎవరన్నది ఒక్కటే చూడమంటున్నాను. రెండు ఒప్పందాల్లోనూ తీర్పరి బ్రిటిష్ ప్రభుత్వమే. మూడో వ్యక్తి ఎవరూ లేరు, గడువు లేదు, కారణం చూపించాలన్న నియమం లేదు. ఇంతకీ నేను ఇందాక చెప్పిన అంతర్జాతీయ ఒడంబడికల గతి కూడా చెప్పుకోవాలి. 1919లో సాంజెర్మాఁలో కుదిరిన ఆయుధ వ్యాపార ఒడంబడికను అమెరికా ఆమోదించకపోవడంతో అది నీరుగారిపోయింది. 1925 జూన్‌లో జెనీవాలో మరొకటి రాశారు, అది కూడా అమలులోకి రాలేదు. అంటే ఒప్పందంలో ఆ చివరి నిబంధన అలంకారంగా మిగిలిపోయింది, పనిచేసినదల్లా మొదటి షరతే.

అంకెలపంతులు

టిబెట్‌ను ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి నేను రెండు లెక్కలు చెబుతాను. టిబెట్ హోదా, సరిహద్దుల మీద బ్రిటన్, చైనా, టిబెట్ జరిపిన 1914 సిమ్లా సమావేశం తర్వాత బ్రిటిషువారు టిబెట్‌కు 5,000 తుపాకులు ఇచ్చారు. ఆ తర్వాత టిబెట్ మరిన్ని అడిగితే, 1919లో అగ్రరాజ్యాలు చైనాకు ఆయుధాల అమ్మకం మీద పెట్టుకున్న నిషేధాన్ని చూపి నిలిపివేశారు. 1920–21లో బ్రిటిష్ అధికారి చార్లెస్ బెల్ లాసాలో ఉండి వచ్చిన తర్వాత గాని ఇండియాలో కొనుక్కోవడానికి అనుమతి రాలేదు. అది 10 కొండ ఫిరంగులు, 20 మెషిన్ గన్నులు, 10,000 తుపాకులు, పది లక్షల తూటాలు. ఆత్మరక్షణకూ అంతర్గత శాంతికీ తప్ప వేరే పనికి వాడబోమని టిబెట్ రాసివ్వాల్సి వచ్చింది.

1921 నుంచి 1923 దాకా మూడేళ్లలో అఫ్గానిస్థాన్, టిబెట్, నేపాల్ ముగ్గురికీ ఆయుధాల దారి షరతుల మీద తెరిచారు. ఇండియా చుట్టూ ఉన్న ఉత్తర సరిహద్దు పొడవునా ఒకే విధానం అమలైందని దీన్నిబట్టి తెలుస్తుంది. టిబెట్‌కు ఎంత ఇవ్వాలో నిర్ణయించేటప్పుడు నేపాల్ ఏమనుకుంటుందోనన్నది కూడా లెక్కలోకి వచ్చేది. 1855–56లో ఆ రెండింటి మధ్య యుద్ధం జరిగింది మరి.

గట్టుమీదిపిల్ల

ఇంతమంది ఇన్ని తుపాకుల గురించి రాశారు గాని, రాణాలు వాటిని ఎవరి మీద పేల్చాలనుకున్నారో ఒక్కరూ చెప్పలేదు. 1816 తర్వాత బ్రిటిషువారితో యుద్ధం లేదు. 1856 తర్వాత టిబెట్‌తోనూ లేదు. ఈ దిగుమతులన్నీ ఎందుకు?

పాతదస్త్రం

ఇది అడగవలసిన ప్రశ్న. 5వ అధికరణాన్ని మరోసారి చదవండి. దిగుమతి హక్కు నేపాల్ ప్రభుత్వానిది. 1923లో నేపాల్ ప్రభుత్వమంటే చంద్ర షంషేర్, ఆయన కుటుంబం. రాజు సింహాసనం మీద ఉన్నా అధికారమంతా వంశపారంపర్యంగా ప్రధానమంత్రి పదవి అనుభవించే రాణాలది. ఆ కుటుంబంలోనే ఒకరినొకరు దించుకున్న చరిత్ర ఉంది. 1885లో వీర్ షంషేర్ ఎలా వచ్చాడో సుబేదారు గారు చెప్పారు. 1901లో పదవి చేపట్టిన దేవ్ షంషేర్‌ను 114 రోజులకే సొంత తమ్ముడు చంద్ర షంషేర్ దించేశాడు. దిగిపోయిన దేవ్ షంషేర్ చివరకు బ్రిటిష్ ఇండియాలోని ముస్సోరీలో స్థిరపడ్డాడు.

ఇలాంటి ఇంట్లో ఆయుధాలు ఎవరి ద్వారా వస్తాయన్నది ప్రాణాలకు సంబంధించిన సంగతి. బ్రిటిషువారు ఒక్క ప్రభుత్వానికే అనుమతిస్తామంటే, గద్దె మీద ఉన్న రాణాకు తప్ప అతని శత్రువులెవరికీ ఆధునిక ఆయుధాలు దొరకవు. నియంత్రణ నేపాల్‌ను బ్రిటిషువారి ముందు బలహీనంగా ఉంచింది, అదే నియంత్రణ రాణాలను నేపాల్ ప్రజల ముందు బలవంతులుగా ఉంచింది. 1941లో రాణాల పాలనను ఎదిరించిన ప్రజాపరిషత్ ఉద్యమకారులైన నలుగురిలో ఇద్దరిని ఉరితీసి ఇద్దరిని కాల్చి చంపినప్పుడు ఆ బలం ఎవరి మీద ప్రయోగించడానికో స్పష్టమైంది.

ఇంకా రాస్తానన్న భాగం ఇదే. 1923లో మారినదేమిటంటే, అంతవరకు ఒక్కొక్క విడతకూ అర్జీ పెట్టుకునే రాణా, ఇకమీదట ఒప్పందం చూపించి అడగగలిగాడు. అప్పటి రాయబారి ఓకానర్‌తో చంద్ర షంషేర్ సాగించిన సంప్రదింపుల్లో ఆయనకు దక్కిన లాభం అది. 6వ అధికరణం ప్రకారం నేపాల్ ప్రభుత్వం కోసం బ్రిటిష్ ఇండియా రేవుల్లో దిగి వెళ్లే సరుకుల మీద సుంకం కూడా లేదు. యుద్ధసేవలకు గుర్తుగా ఏటా పది లక్షల రూపాయలు అప్పటికే అందుతున్నాయి. వీటన్నిటినీ కలిపి చూస్తే చంద్ర షంషేర్ మోసపోయాడని నేను అనలేను. తన కుటుంబానికి కావలసింది తను రాబట్టుకున్నాడు.

మాజీసుబేదారు

పాతదస్త్రం గారి విశ్లేషణలో ఒక్కచోట భేదిస్తాను. చంద్ర షంషేర్ రాబట్టుకున్నది చూశాం గాని, 1914–18లో ఫ్రాన్సులో, గలిపోలీలో, మెసొపొటేమియాలో మరణించిన గోర్ఖాల సంఖ్యను తలుచుకుంటే, అంత చెల్లించాక కూడా ‘మీ ఉద్దేశాలు స్నేహపూర్వకమైనవైతేనే’ అన్న షరతు పెట్టడం అవమానకరం. సైన్యంలో పనిచేసినవాడిగా నాకది మింగుడుపడదు. కాబూల్‌కు రాసిన వాక్యాలే కాఠ్మాండూకు రాయడం గుమస్తా సౌకర్యం కావచ్చు, కాని సంతకం పెట్టినవారు గుమస్తాలు కారు.

ధర్మసందేహం

ఆ చివరి మాటను కాదనలేను.

అయినా రక్సౌల్‌రైలు గారి మిత్రుడి తరఫున ఇంకొక్కటి అడుగుతాను. 1950 జులై 31న స్వతంత్ర భారతదేశం నేపాల్‌తో చేసుకున్న ఒప్పందపు 5వ అధికరణం కూడా ఇలాంటిదే కదా? నేపాల్ తన భద్రతకు కావలసిన ఆయుధాలను భారతదేశం నుంచి గానీ, దాని మీదుగా గానీ దిగుమతి చేసుకోవచ్చు, పద్ధతిని రెండు ప్రభుత్వాలు సంప్రదించుకుని నిర్ణయించాలి. వలస ప్రభుత్వం చేస్తే నియంత్రణ, మనం చేస్తే సంప్రదింపా?

కాబూలీచనా

కాదు. అది కూడా నియంత్రణే, నేను మొహమాటపడను. ఒప్పందంతోపాటు ఇచ్చిపుచ్చుకున్న లేఖలో ఆ దిగుమతులు భారత ప్రభుత్వ సహాయంతో, సమ్మతితో జరగాలని రాసుకున్నారు. ఆ లేఖ 1959 దాకా బయటికి రాలేదు. 1988లో నేపాల్ చైనా నుంచి విమాన విధ్వంసక తుపాకులు కొన్నది. 1989 మార్చిలో వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు ముగిసినప్పుడు సరిహద్దు ద్వారాలు రెండు తప్ప అన్నీ మూతపడ్డాయి. దానికి ఇతర కారణాలు కూడా ఉన్నాయి గాని ఆయుధాల కొనుగోలు వాటిలో ప్రధానమైనది.

ఒక తేడా మాత్రం ఉంది. 1923 అధికరణంలో నమ్మకం కుదిరిందో లేదో చెప్పే అధికారం ఒక్క పక్షానికే ఉంది. 1950 అధికరణంలో అది కనిపించదు, పక్కనున్న లేఖలో కనిపిస్తుంది.

గట్టుమీదిపిల్ల

ఉత్తరంలో పెట్టి దాచారన్నమాట. ఇందాక జవాబు రాయకపోవడమే ఆయుధమన్నారు, ఇప్పుడు జవాబు రాయడం కూడా ఆయుధమే అంటున్నారు.

రక్సౌల్‌రైలు

మా బృందంలో ఈ చర్చనంతా చదివి వినిపించాను. 1921 కాబూల్ అధికరణం వినగానే నా మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు గాని, చివరకు తన వాదనను కొంచెం జరిపి నిలబెట్టుకున్నాడు. నియంత్రణ ముగియలేదు గాని, ఒప్పందంలో రాసిన తర్వాత దాన్ని ప్రయోగించడానికి బ్రిటిషువారికి ఒక కారణం చూపాల్సిన అవసరం ఏర్పడిందని ఆయన ఇప్పుడు అంటున్నాడు. 1923 తర్వాత నేపాల్ సరుకును నిజంగా నిలిపివేసిన సందర్భం చూపించే దాకా తను ఒప్పుకోడట. అలాంటి దస్త్రాలు ఎక్కడ వెతకాలి?

పాతదస్త్రం

న్యూఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ‘ఫారిన్ అండ్ పొలిటికల్’ శాఖ దస్త్రాలు చూడండి. వాటిలో చాలా భాగం ‘అభిలేఖ్ పటల్’ పోర్టల్‌లో ఉంది, నమోదు చేసుకుంటే ఇంటి నుంచే చదవవచ్చు. శీర్షికల్లో నేపాల్ దర్బార్, ఆయుధాలు, లైసెన్సు అన్న మాటలతో వెతకండి. 1923కు ముందటి ఐదేళ్లు, తర్వాతి ఐదేళ్లు విడివిడిగా తీసి, అభ్యర్థన వచ్చిన తేదీకీ అనుమతి ఇచ్చిన తేదీకీ మధ్య ఎంత కాలం గడిచిందో రాసుకోండి. నిలిపివేశామని ఎవరూ రాసి ఉండకపోవచ్చు గాని, ఆలస్యం మాత్రం తేదీల్లో తెలిసిపోతుంది.

అంకెలపంతులు

ఆ తేదీలు తీసి ఇక్కడ పెట్టండి, పట్టిక కట్టే బాధ్యత నాది.